గీత పడినా దిగులు లేని బండి

సికింద్రాబాద్‌లో ఒకే ఇంటి ముందు రెండు కార్లు నిలిచి ఉంటాయి. ఒకటి బావగారి 2008 నాటి మారుతి 800. రెండోది నిరుడు బావమరిది వాయిదాల మీద కొన్న 18 లక్షల బండి. ఈ వాదం నేను వింటుండగా ఆ రెండింటి మధ్య నిలబడి సాగింది.

బావమరిది: బావగారూ, దీన్ని వదలకపోవడం పొదుపు కాదు, పంతం. ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కే ముందు కట్టేయాలి. వెనక అద్దం దించితే చేత్తో పట్టి పైకి లాగాలి. అసలు 2014లోనే తయారీ ఆగిపోయిన మోడలు కదా!

బావ: ఆగితేనేం? 1983 నుంచి 25 లక్షలకు పైగా అమ్ముడుపోయిన బండికి ఏ ఊళ్ళోనైనా మెకానిక్ దొరుకుతాడు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. చెట్టు కింద షెడ్డు వేసుకున్నవాడు కూడా చప్పుడు విని జబ్బు చెబుతాడు. థర్డ్ పార్టీ బీమా 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి 2,094 రూపాయలు, పన్ను అదనం. నీ వాయిదా ఒక్క నెలకెంతో నువ్వే చెప్పు.

బావమరిది: పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించే ఫీజును 2022లో 600 నుంచి 5,000 చేసిన సంగతి మరచిపోయారా?

బావ: మరచిపోలేదు, 2023లో కట్టాను. అది ఐదేళ్ళకోసారి. సరే, డబ్బు మాట అటుంచు. ఈ వేసవిలో అత్తయ్యగారు ఆవకాయ జాడీలు రెండు ఇస్తే, సీట్లు పాడవుతాయని నువ్వు నీ బండి తలుపే తీయలేదు. నా వెనక సీట్లో పెట్టాం. స్పీడ్ బ్రేకర్ దగ్గర వాసెన గుడ్డ జారి, నూనె కుట్ల వెంబడి లోపలికి ఇంకి, ఎర్రటి మరకై నిలిచింది. ఇప్పటికీ ఎండలో తలుపు తీస్తే ఆవఘాటు ముక్కుకు తగులుతుంది. నాకేమీ దిగులు లేదు. ఆటో గీసుకుపోయిందని నువ్వు రెండు రోజులు అన్నం సరిగా తినలేదే!

(గీత వేలెడంత కూడా లేదు, నేను చూశాను.)

బావమరిది: గీత సంగతికేం, నవ్వండి. మీ బండిలో ఎయిర్‌బ్యాగు ఒక్కటీ లేదు. దాని తరువాత వచ్చిన ఆల్టో 800కే, ఎయిర్‌బ్యాగులు లేని రకానికి, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టి చూసి 2014లో ప్రకటించిన ఫలితాల్లో పెద్దల భద్రతకు ఒక్క నక్షత్రమూ దక్కలేదు. అందులో అక్కయ్యనూ పిల్లలనూ ఎక్కిస్తున్నారు.

బావ: నేను గంటకు నలభై కిలోమీటర్ల వేగం దాటను.

బావమరిది: వెనక వచ్చే లారీకి ఆ సంగతి తెలియదు కదా బావగారూ.

బావ: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఊరికి బస్సులో వెళుతున్నాం. ఇది బడికీ మార్కెట్టుకే.

బావమరిది: మార్కెట్టంటే గుర్తొచ్చింది. రేపు మోండా మార్కెట్టుకు వెళ్ళాలి, ఆ సందులో నా బండి... మీ తాళం ఇస్తారా?

బావ: తీసుకో. పెట్రోలు ముల్లు సగం దగ్గరే నిలిచిపోయింది, దాన్ని నమ్మకు. ముందు రెండు లీటర్లు పోయించుకో.