వానపాములకి పెట్ ఫారం

తడి చెత్తని ఎరువు చేస్తాయని కొన్న వానపాముల్ని షూ ర్యాక్ కింద డబ్బాలో పెట్టాను. రాత్రి వాన పడింది, కరెంటు పోయింది. వాటికి వెలుతురు పడదు, పైన లైటు వేసి ఉంచితే డబ్బా దాటి రావు. లైటు ఆరింది, పైగా వాన చెమ్మ. ఇంకేముంది, షూ ర్యాక్ కింద నుంచి బయల్దేరి, తలుపు సందులోంచి దూరి, తెల్లారేసరికి ఎదురింటి ఆంటీ ముగ్గు మీద తేలాయి. అమ్మినవాడు మాత్రం "అవెక్కడికి పోతాయి సార్" అన్నాడు.

"నాగుల చవితికి ఇంకా చాలా టైముంది కదా నాయనా" అంది ఆంటీ, చీపురు దించకుండా.

వాచ్‌మన్ "ఎర్రలు మంచిగున్నయ్ సార్, చెరువు కాడికి తీస్కపోనా?" అన్నాడు.

ఏరుకున్నవి మగ్గులో వేసుకుని లిఫ్టు దగ్గరికొస్తే అసోసియేషన్ సెక్రటరీ గారు పెంపుడు జంతువుల వివరాలు రాసుకునే పెట్ ఫారంతో నిలబడి ఉన్నారు. తడి చెత్తని ఎవరింట్లో వాళ్లే ఎరువు చేసుకోవాలని నోటీసు అంటించిన మహానుభావుడు ఈయనే.

"జాతి?"

"ఐసీనియా ఫెటిడా."

"ఫారినా?"

"పుట్టిల్లు యూరప్ అండీ. ఇవి మాత్రం నర్సరీ నుంచి ఆటోలో వచ్చాయి."

"మగా, ఆడా?"

"రెండూ."

"అంటే జంటలా?"

"కాదండీ, ఒక్కోటీ రెండూను."

సెక్రటరీ గారు పెన్ను మూసేశారు. స్కూల్ వ్యాన్ కోసం నిలబడ్డ పిల్లలు, పాల ప్యాకెట్లతో వస్తున్న వాళ్లు, అందరూ మా చుట్టూ చేరారు. ఒకదాన్ని అరచేతిలో పెట్టి చూపించాను. తల వైపు కాస్త వెనగ్గా ఉబ్బెత్తుగా ఓ పట్టీ ఉంది చూశారా, అదొచ్చిందంటే ఈడొచ్చినట్టు. రెండు లింగాలూ తనలోనే ఉన్నా మామూలుగా ఇంకోటి తోడు కావాల్సిందే. కలిశాక రెండూ గుడ్ల తిత్తులు పెడతాయి, అగ్గిపుల్ల తలంత, నిమ్మకాయ ఆకారంలో.

"అయితే అమ్మెవరంకుల్?" అన్నాడు రెండో క్లాసు బుడ్డోడు. వాళ్లమ్మ వాడి చెవులు మూసి నా వైపు చూసిన చూపుంది చూశారూ, మగ్గులో దూరిపోదామనిపించింది.

"సంఖ్య?"

"కిలో."

"ఇది కూరగాయల మార్కెట్ కాదండీ."

కిలోకి వెయ్యి దాకా తూగుతాయనీ, తిత్తికి మూడు నాలుగు పిల్లలొస్తాయనీ, అవి రెండు నెలల్లో మళ్లీ సంసారం మొదలెడతాయనీ, ఫారం మీద సిరా ఆరేలోపే లెక్క మారుతుందనీ చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. 1000 అని వేసుకుని, వ్యాక్సిన్ సర్టిఫికెట్లు అడిగి, లిఫ్టులో గొలుసు తప్పనిసరి అన్న రూల్ చదివి వినిపించారు. మూతికి జాలీ కూడా కట్టాలట. మూతి ఏ వైపో ఆయన్నే చూపించమన్నాను.

"పెట్ ఒక్కింటికి నెలకి రెండొందలు" అంటూ ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచారు. "వెయ్యి ఇంటూ రెండొందలు... జీఎస్టీ అదనం."