ఆ బిళ్ళ పేరేటో చెప్పడానికి ఏటి మీకు నొప్పి?

ఇప్పుడే మెడికల్ షాపు నుంచి వచ్చాను, ఒళ్ళు మండిపోతోంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బిళ్ళలు అడిగితే ఆ గుంటడు ఫోన్లోంచి తలెత్తకుండా స్ట్రిప్‌ని కత్తెరతో కత్తిరించి, బఠాణీలు పొట్లం కట్టినట్టు కట్టి "పొద్దున ఒకటి రాత్రి ఒకటి" అన్నాడు. పేరు, ఎక్స్‌పైరీ డేటు ఉన్న ముక్క వాడి దగ్గరే ఉండిపోయింది. ఇదేం మందు బాబూ అంటే "నొప్పులకండీ". ఓహో, నేను జుట్టుకి అనుకున్నాను! అమ్మకి బీపీ ఉంది, రోజూ బిళ్ళ వేసుకుంటాది అంటే "ఏటీ కాదండీ, అందరూ వాడతారు" అంట.

ఏటీ కాదా? మనది శ్రీకాకుళం రా బాబూ. పక్కనే కిడ్నీ జబ్బుతో అల్లాడిపోతున్న ఉద్దానం పెట్టుకుని, పలాసలో కిడ్నీల కోసమే ప్రత్యేకంగా ఆసుపత్రి కట్టుకున్న జిల్లాలో ఆ మాట ఎలా వస్తాది నోటికి? ఉద్దానం జబ్బుకి ఈ బిళ్ళలే కారణమని నేననట్లేదు, దానికి కారణం ఇదీ అని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు తెగ మింగితే కిడ్నీకి రక్తం తగ్గుతాదని, బీపీ పెరుగుతాదని మందులమ్మేవాడికి తెలీకపోతే ఇంకెవరికి తెలియాలి? ఎండలో జీడితోటల్లో నీళ్ళు సరిగ్గా తాగకుండా పనిచేసి వచ్చినోళ్ళకి కూడా ఇవే పొట్లాలు!

ఇంకో విడ్డూరం. నొప్పి బిళ్ళ ఎసిక్లోఫెనాక్ కాంబినేషనైతే అందులో పారాసెటమాల్ కూడా 325 మిల్లీగ్రాములు ఉంటాది, జ్వరానికని డోలో 650 అదే, జలుబు బిళ్ళలో చాలావాటిల్లో మళ్ళీ అదే. మూడు రంగులు కదా అని మూడు మందులనుకుని మింగేస్తారు. రోజు మొత్తం మీద పెద్దోళ్ళకే 4 గ్రాములు దాటకూడదు, దాటితే లివర్ పోతాది. పేరే లేని పొట్లం చూసి ఎవడు లెక్కేస్తాడు?

షాపోడిని అని ఏం లాభం, మా ఇంట్లోనే ఒకరున్నారు కదా పెద్ద బావగారు. పెళ్ళైనా పేరంటమైనా జేబులో బిళ్ళలు రెడీ, "నాకు తగ్గింది, వేసేసుకో". ఆయన సొంత కొడుక్కే ఆరేళ్ళప్పుడు జ్వరమొస్తే పెద్దోళ్ళ నిమెసులైడ్ బిళ్ళ సగం విరిచి వెయ్యబోయారు. పన్నెండేళ్ళలోపు పిల్లలకి అది ఇవ్వకూడదని 2011లోనే నిషేధించారు బావా అంటే "నువ్వేటి డాక్టరువా" అని పదిమందిలో నన్నే కసిరేరు. అప్ప కూడా ఆయన వైపే! పోనీ మందుల సంగతి వదిలేయండి, 2018లో తిత్లీ తుఫానప్పుడు పట్టుకెళ్ళిన మా చార్జింగ్ లైటు ఏదీ? అడిగితే "పాడైపోనాది" అంట. బావా, ఈ పోస్టు చూస్తావని నాకు తెలుసు. లైకొద్దు, లైటు పంపించు.