దయ్యానికి టిక్కెట్టు

ఢిల్లీ రిడ్జ్ అడవిలోని మాల్చా మహల్‌లో దయ్యం ఉందో లేదో మేం చెప్పలేం కానీ, దాని పేరు చెప్పి టిక్కెట్టు తెంపింది మాత్రం సాక్షాత్తూ ప్రభుత్వమే. తలకు 800 రూపాయలు పుచ్చుకుని, పొద్దుగుంకే వేళ జనాన్ని వెంటబెట్టుకువెళ్లే ‘హాంటెడ్ వాక్’ను (దయ్యాల షికారును) ఢిల్లీ పర్యాటక శాఖ 2023 మేలో మొదలుపెట్టింది.

ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో, 14వ శతాబ్దంలో వేట విడిదిగా కట్టిన రాతి మేడ అది. లక్నో రాజధానిగా ఏలిన అవధ్ నవాబుల వారసురాలినంటూ బేగం విలాయత్ మహల్ న్యూఢిల్లీ రైల్వేస్టేషన్ వెయిటింగ్ రూములో ఏళ్ల తరబడి బైఠాయించి, 1985లో దానిని దక్కించుకున్న వైనం పాఠకులకు తెలిసిందే. తలుపులు లేని, కరెంటు లేని, కుళాయి లేని శిథిలాన్ని ఒక తల్లికీ ఇద్దరు బిడ్డలకూ నివాసంగా చూపించి చేతులు దులుపుకున్నది ప్రభుత్వమే. 1993లో ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. కుక్కలను కాపలా పెట్టుకుని, చొరబడితే కాల్చేస్తామని బోర్డు తగిలించుకుని బతికిన ఆ బిడ్డలూ పోయారు. 2017లో కుమారుడు సైరస్ మరణిస్తే, శవాన్ని తీసుకువెళ్లే బంధువు లేక వక్ఫ్ బోర్డు ఖననం చేయించింది. బతికున్నన్నాళ్లూ దీపం ఇవ్వని ప్రభుత్వం, పోయాక వారి చీకటిని అమ్మకానికి పెట్టింది.

పాడుబడిన కట్టడాల వైపు యువతను రప్పించడానికి ఇదొక మార్గమని అధికారులు అన్నారు. కావచ్చు. అయితే వచ్చినవారికి ఏం చెబుతున్నారన్నదే మా ప్రశ్న. ఆ కుటుంబం రాజవంశం కాదని, విలాయత్ లక్నో విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు భార్య అని, దేశవిభజన ఆ ఇంటిని చెల్లాచెదురు చేసిందని 2019లో న్యూయార్క్ టైమ్స్ పరిశోధన బయటపెట్టింది. అంటే, సొంత నేల పోగొట్టుకున్న ఒక స్త్రీ రాణి వేషం కట్టి నిలబడితే, అది నిజమో కాదో తేల్చుకోకుండానే ప్రభుత్వం ఒక మేడను కేటాయించిందన్నమాట. ఏ దయ్యం కథా దీనికి సాటిరాదు. అయినా పర్యాటక శాఖకు కావలసింది రాణి ఆత్మ మాత్రమే. రాణి కాదని తేలిన తరువాత కూడా!

ఇది ఒక్క ఢిల్లీతో ఆగుతుందన్న నమ్మకం మాకు లేదు. గోడకు సున్నం వేయించడం కంటే దయ్యాన్ని పుట్టించడం చౌక అని ఒక ప్రభుత్వ శాఖ లెక్క తేల్చుకున్నాక, మిగిలిన రాష్ట్రాలు ఎందుకు వెనకాడతాయి? కట్టడాన్ని కాపాడే బాధ్యతను గాలికొదిలి, ఆ గాలి చప్పుడుకే రుసుము వసూలు చేయడం ఏ పర్యాటక విధానమో ఢిల్లీ పాలకులే సెలవివ్వాలి.

రుసుము వసూలు చేసేటప్పుడు, ఆ టిక్కెట్టు వెనుక 1985 నాటి కేటాయింపు సంగతి కూడా అచ్చు వేయించండి. భయపడడానికి వచ్చినవారు అసలు ఎవరిని చూసి భయపడాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.