వెనక్కి రాని వింగర్‌పై విచారణ

కెనడాలో టొరంటో మేపుల్ లీఫ్స్ ఐస్ హాకీ జట్టు ఓడిపోయిన మర్నాడు ఉదయం కాఫీ చల్లారేలోపే దోషి ఎవరో తేలిపోతుంది. గోల్ కాచే గోలీ కాళ్ల సందులోంచి పక్ అనే రబ్బరు బిళ్ల దూరిపోయినా, డిఫెన్స్‌మన్ ఏరికోరి ప్రత్యర్థి స్టిక్ మీదికే పాస్ ఇచ్చినా, ప్రత్యర్థికి ఒక మనిషి తక్కువైనప్పటి పవర్ ప్లే అవకాశాలు వచ్చినవి వచ్చినట్టే వృథా అయినా తీర్పు మాత్రం మారదు. జట్టులో పెద్ద జీతం తీసుకునే ఫార్వర్డ్ డిఫెన్స్‌కు వెనక్కి రాలేదు, కాబట్టి అతన్ని తక్షణం ట్రేడ్ చేసెయ్యాలి, అంటే ఇంకో జట్టుకు ఇచ్చి బదులు పుచ్చుకోవాలి.

ఈ తీర్పు చెప్పే ధర్మాసనంలో మన తెలుగువాళ్లకు కూడా ఇప్పుడు తగినన్ని కుర్చీలు ఉన్నాయని సగర్వంగా మనవి చేస్తున్నాను. టొరంటో పక్కనున్న బ్రాంప్టన్, మిస్సిసాగా ఇళ్ల బేస్‌మెంట్లలో శనివారం రాత్రి సమోసాల సాక్షిగా కొలువుదీరే ఈ పెద్దలలో చాలామంది శాశ్వత నివాసపు పీఆర్ కార్డు చేతికి రాకముందే లీఫ్స్ జెర్సీ కొనుక్కున్నవారు. స్కేట్లు కట్టుకుని గోడ పట్టుకోకుండా పది అడుగులు వేసిన వారిని మాత్రం నేనింకా వెతుకుతున్నాను. అయినా గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో మంచు మీద దూసుకుపోయే మనిషి ఏ క్షణంలో ఎటు తిరగాలో వారికి క్షుణ్ణంగా తెలుసు. లీఫ్స్ చివరిసారి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది 1967లో, లీగ్‌లో ఆరే ఆరు జట్లు ఉన్న కాలంలో. ఇంత దీర్ఘకాలపు వైఫల్యానికి యాజమాన్యాలను, కోచ్‌లను, గోలీలను, కాలాన్ని అంతటినీ విచారించడం కష్టం గనుక మైదానం అంచున ఆడే ఫార్వర్డ్, అంటే ఒక్క వింగర్‌ను విచారించడం సులువని వారు గ్రహించారు.

ఆ వింగర్ పేరు మిచ్ మార్నర్. టొరంటో పక్కనే ఉన్న మార్కమ్‌లో పుట్టినవాడు, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2015లో నాలుగో ఎంపిక, 2024-25 సీజన్‌లో 27 గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు, అంటే 75 అసిస్టులు కలిపి 102 పాయింట్లు సాధించినవాడు. డిఫెన్స్‌లో మేటి అయిన ఫార్వర్డ్‌కు ఎన్‌హెచ్ఎల్ అనే ఈ లీగ్ ఏటా ఓటింగు ద్వారా సెల్కీ ట్రోఫీ ఇస్తుంది. 2023లో ఆ ట్రోఫీకి తుది పోటీలో నిలిచిన ముగ్గురిలో మార్నర్ ఒకడు. జట్టులో ఒకరు పెనాల్టీ పెట్టెలో కూర్చుని నలుగురితోనే కాచుకోవలసి వచ్చినప్పుడు కోచ్ మంచు మీదికి పంపే ఫార్వర్డ్‌లలో కూడా అతను ఉండేవాడు. ఇవన్నీ ధర్మాసనం ముందుంచితే వారు చిరునవ్వు నవ్వుతారు. ఓట్లు వేసినవాళ్లు ఆట చూడరట, వీళ్లు చూస్తారట.

చూడడం అంటే ఎలా చూస్తారో పాఠకులు తెలుసుకోవాలి. 2025 మే 18న సీజన్ చివరి నాకౌట్ పోరు ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో నిర్ణాయకమైన ఏడో ఆట 6-1తో ఓడిన రాత్రి ఒక బేస్‌మెంట్‌లో జరిగిన విచారణను యథాతథంగా నివేదిస్తున్నాను. ఒక పెద్దమనిషి రిమోట్ అందుకుని, పడిన ఆరు గోల్స్‌లో ఒకదాన్ని వెనక్కి తిప్పి, సరిగ్గా ఒక క్షణం దగ్గర ఆపి, లేచి వెళ్లి, గోడంత టీవీ తెర మీద చూపుడువేలితో ఒక వలయం గీశారు. వేలి మీద చట్నీ ఉండడం వల్ల ఆ వలయం కాసేపు నిలిచింది కూడా.

“ఇక్కడ చూడన్నా, పదహారో నంబరు. కాళ్లు కదుపుతున్నాడా?”

“లేదండీ,” అన్నారు సభికులు.

“స్టిక్ కదులుతోందా?”

“ఎక్కడిదండీ!”

“ఏడాదికి కోటీ తొమ్మిది లక్షల డాలర్లు తీసుకుని నిలబడి చూస్తున్నాడు.”

తెర మీద నిజంగానే ఎవరూ కదలడం లేదు. గోలీ సగం వంగి శిల అయిపోయాడు, రిఫరీ ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నాడు, పక్ మంచుకు నాలుగు అంగుళాల ఎత్తున గాలిలో విశ్రమిస్తోంది, ప్రేక్షకుల రెండో వరుసలో కూర్చున్న ఒకాయన ఎత్తిన బీరు గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆయనలో కూడా పట్టుదల లోపించిందని, పెద్ద ఆటల్లో గ్లాసు ఎత్తలేని మనిషని ఎవరూ అనకపోవడం నాకు అన్యాయంగా తోచింది. ఇంతలో మెట్ల మీద కూర్చుని చిప్స్ తింటున్న ఆ ఇంటి పిల్లవాడు, హౌస్ లీగ్‌లో వారానికి రెండుసార్లు నిజంగా హాకీ ఆడేవాడు, “అంకుల్, అది పాజ్‌లో ఉంది కదా,” అన్నాడు. కొద్దిసేపు నిశ్శబ్దం అలముకుంది. “వింగర్ అక్కడే ఉండాలి అంకుల్, మా కోచ్ అలాగే చెప్పారు,” అని కూడా వాడు చేర్చడంతో, పెద్దలు మాట్లాడుకునేచోట పిల్లలకేం పనని వాణ్ని పైకి పంపించి విచారణ కొనసాగించారు.

పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం. ప్రత్యర్థులు మన గోల్ దగ్గర పక్ ఆడిస్తున్నప్పుడు సాధారణంగా వింగర్ పని అందరితోపాటు గోలీ ముందు మూగడం కాదు. మన భాగానికి హద్దైన నీలిగీత దగ్గర తన వైపు కాచుకుని ఉన్న అవతలి డిఫెన్స్‌మన్‌ను కనిపెట్టి ఉండడం, అతనికి చేరే పాస్ దారిని స్టిక్‌తో మూసివేయడం, పక్ బోర్డుల వెంట తన వైపు వస్తే దాన్ని ఎలాగైనా నీలిగీత దాటించి బయటపడవేయడం అతని పని. ఆ పని సవ్యంగా జరిగితే అక్కడ ఏమీ జరగదు. ఏమీ జరగని చోట మన ధర్మాసనానికి సోమరితనం కనిపిస్తుంది. దానికి తోడు హాకీలో ఒక ఆటగాడు ఒక విడతలో మంచు మీద ఉండేది ముప్పావు నిమిషం అటూ ఇటూగా మాత్రమే. ఆ కాసేపట్లో ఎక్కడ జారుతూ ఊపిరి దాచుకోవాలో, ఎక్కడ ప్రాణం పెట్టి పరుగెత్తాలో తెలియడమే సగం ఆట. అందరికంటే తక్కువసేపు ఆడే నాలుగో లైను ఆటగాడు తన తప్పు తాను దిద్దుకోవడానికి రొప్పుతూ వెనక్కి పరుగెత్తుకొస్తే మాత్రం ఈ సభలో చప్పట్లు మోగుతాయి.

చిత్రం చాలకపోతే అంకెలు తీస్తారు. ప్లస్-మైనస్ అనే పాత లెక్క ఒకటుంది. ఆటగాడు మంచు మీద ఉన్నప్పుడు తన జట్టు గోల్ చేస్తే ఒకటి కలుపుతారు, గోల్ పడితే ఒకటి తీసేస్తారు, పవర్ ప్లేలో చేసిన గోల్స్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోరు. ఈ లెక్క ప్రకారం 2013-14లో 51 గోల్స్ చేసిన అలెగ్జాండర్ ఒవెచ్కిన్ మైనస్ 35 దగ్గర తేలాడు. ఇతని వల్ల ఇతని జట్టు వాషింగ్టన్ ఎప్పటికీ కప్ గెలవదని అప్పట్లో ఇలాంటి సభలే తీర్మానించాయి. 2018లో వాషింగ్టన్ స్టాన్లీ కప్ గెలిచింది, ఆ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ ఒవెచ్కిన్‌కే దక్కింది, 2025 ఏప్రిల్ 6న అతను వేన్ గ్రెట్జ్‌కీ 894 గోల్స్ రికార్డును కూడా దాటేశాడు. మైనస్ 35 మాత్రం మన పెద్దమనిషికి ఇప్పటికీ కంఠోపాఠం.

ఇక ట్రేడ్‌ల సంగతి. మార్నర్‌కు ఆట రాదని అరగంట నిరూపించిన నోటితోనే అతనికి బదులుగా ఒక మేటి డిఫెన్స్‌మన్, మధ్యలో ఆడే ఒక కుర్ర సెంటర్, రెండు మొదటి రౌండు డ్రాఫ్ట్ పిక్‌లు రావాలని డిమాండ్ చేస్తారు. మిగిలిన 31 జట్ల జనరల్ మేనేజర్లు పాతబట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే అమ్మాయిల్లాంటివారని, చిరిగిన చొక్కా చూపిస్తే బిందె ఇచ్చి పోతారని వీరి నమ్మకం. నిజానికి ఆ స్టీలు సామాన్ల అమ్మాయి కూడా చీరను వెలుగుకు పట్టి చిల్లులు వెతికి, జరీ గోటితో గీకి చూసి, ఇంకో రెండు ప్యాంట్లు అడిగి గానీ గిన్నె ముట్టుకోనివ్వదు. జట్టు మొత్తం జీతాలకు పరిమితిగా శాలరీ క్యాప్ అనేది ఒకటుందని, 2024-25లో అది 8 కోట్ల 80 లక్షల డాలర్లని, మార్నర్ ఒప్పందంలో అతని సమ్మతి లేకుండా ఎక్కడికీ పంపకూడదన్న షరతు ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, “అవన్నీ చూసుకోవడానికే కదా మేనేజరున్నది,” అంటారు.

చివరికి వచ్చిందేమిటి? ఒప్పందం గడువు తీరి మార్నర్ ఉచితంగా వెళ్లిపోయే చివరి గంటల్లో, 2025 వేసవిలో, కొత్త ఒప్పందం రాసి వేగాస్ జట్టుకు పంపితే బదులుగా నికొలా రాయ్ అనే ఒక సెంటర్ వచ్చాడు. రాయ్ మంచి ఆటగాడే, అతని మీద నాకే కోపమూ లేదు.

ఇది టొరంటోకు కొత్త కాదు. ఫిల్ కెసెల్ అనే వింగర్‌ను ఇదే ఊరు ఆరేళ్లు భరించింది. లావుగా ఉంటాడని, వెనక్కి రాడని, వ్యాయామం గిట్టదని అన్నారు. 2015 జూలైలో అతన్ని పిట్స్‌బర్గ్ జట్టుకు సాగనంపుతున్నప్పుడు ఒక పత్రికా కాలమిస్టు అతను రోజూ వీధి బండి దగ్గర హాట్‌డాగ్ తినేవాడని కూడా రాసి పెట్టాడు. కెసెల్ వెళ్లిన మొదటి సీజన్‌లోనే పిట్స్‌బర్గ్ కప్ గెలిచింది, ప్లేఆఫ్స్‌లో ఆ జట్టు తరఫున అందరికంటే ఎక్కువ పాయింట్లు అతనివే. మరుసటి ఏడూ గెలిచింది. తర్వాత ఆయన స్టాన్లీ కప్ నిండా హాట్‌డాగ్‌లు పేర్చుకుని ఫోటో దిగాడు. ఒళ్లు వంచడని పేరు పడ్డ ఈ మనిషి 2009 నవంబరులో లీఫ్స్‌కు ఆడిన మొదటి ఆట నుంచి వరుసగా 1064 ఆటలు, ఒక్కటీ తప్పకుండా ఆడాడు, లీగ్ చరిత్రలో అంత నిర్విరామంగా ఆడినవాడు మరొకడు లేడు. టొరంటోలో ఉన్నన్నాళ్లూ, ఒంట్లో ఎలా ఉన్నా, ప్రతి రాత్రీ వచ్చాడు.

మార్నర్‌ను విమర్శించకూడదని నేననడం లేదు. గెలిచి తీరవలసిన ఆటల్లో అతను తేలిపోయిన రాత్రులున్నాయి, పక్‌ను తన దగ్గర ఉంచుకోవలసిన చోట గుడ్డిగా విసిరేసిన రాత్రులున్నాయి. అది ఆట గురించిన మాట, ఎంత ఘాటుగానైనా అనవచ్చు. కానీ జరిగింది అది కాదు. 2022 మేలో ప్లేఆఫ్స్ నుంచి జట్టు తప్పుకున్న రెండు రోజులకే, టొరంటోలోని ఎటోబికోలో ఒక సినిమా హాలు పార్కింగ్‌లో దుండగులు అతనికి తుపాకులు చూపించి కారు ఎత్తుకుపోయారు. దాని మీద జోకులు వేశారు, ప్రత్యర్థికి ఎదురు నిలవడం అతనికి ఎప్పుడు వచ్చింది గనుక అని పళ్లికిలించారు. 2025లో ఏడో ఆట ఓడాక తన కుటుంబానికి బెదిరింపులు వచ్చాయని, ఇంటి దగ్గర రాత్రింబగళ్లు కాపలా పెట్టుకోవలసి వచ్చిందని తర్వాత అతనే చెప్పాడు. ఇంట్లో పసిబిడ్డ. ఒక రబ్బరు బిళ్ల నీలిగీత దాటిందా లేదా అన్న విషయానికి ఒక ఇంట్లో వాళ్లను నిద్రపోనివ్వకుండా చేసిన మూక తమను తాము అభిమానులని పిలుచుకుంటే, ఆ పిలుపుకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది. అది విని కూడా “అన్ని కోట్లు తీసుకుంటున్నాడు, ఆ మాత్రం పడాలి కదా,” అన్న గొంతు నాకు సమోసా పళ్లెం పక్క నుంచే, చక్కటి తెలుగులో వినిపించింది. ఆఫీసులో మేనేజరు ఈమెయిల్‌లో కాస్త గట్టిగా రాస్తే నాలుగు రోజులు తిండి సహించని మనిషి ఆ గొంతు. ఇలాంటి వాళ్లకు ఒకరి ధైర్యం గురించి మాట్లాడే అర్హత ఎవరిచ్చారు?

మార్నర్ వెళ్లిపోయాక ధర్మాసనం రద్దవుతుందని ఆశపడ్డవాళ్లు నిరాశ చెందక తప్పదు. రిమోట్ ఇప్పుడు ఎనభై ఎనిమిదో నంబరు విలియం నిలండర్ దగ్గర ఆగుతోంది, అతను కూడా కాళ్లు కదపడం లేదని ప్రాథమిక ఆధారాలు లభించాయి. నిలండర్ ఒప్పందం ఏటా కోటీ పదిహేను లక్షల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్లకు రాసినది, కాబట్టి 2032 దాకా పెద్దలకు పని కొరత లేదు.