చెక్‌డిస్క్ గారూ, 27 శాతం దగ్గర ఏం చేస్తున్నారు?

మహారాజశ్రీ చెక్‌డిస్క్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా డిస్కు క్షేమమో కాదో మాత్రం తమరే సెలవివ్వాలి.

విండోస్‌లో డిస్కు తప్పులు వెతికి దిద్దే ప్రోగ్రాముగా తమరి సర్వీసు ఇవాళ్టిది కాదు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన, విండోస్‌కి ముందటి డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి వెర్షన్‌లోనే తమరున్నారు. మధ్యలో, 1993లో, స్కాన్‌డిస్క్ అని ఒకాయన దిగి, బొమ్మలూ బార్లూ చూపించి కొన్నాళ్లు హడావిడి చేసి వెళ్లిపోయాడు. తమరు నల్లతెర మీద తెల్ల అక్షరాలతోనే నెగ్గుకొచ్చారు. అంత అనుభవమున్న పెద్దలు కాబట్టి సూటిగా అడుగుతున్నాం. కంప్యూటర్ ఆన్ చేయగానే "సీ డ్రైవును స్కాన్ చేసి రిపేర్ చేస్తున్నాం, 27 శాతం అయింది" అని రాసి పెడతారు. పొద్దున కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం దాకా అదే 27ని చూస్తూ ఉంటే, లోపల తమరు వెలగబెడుతున్నదేమిటి?

సరే, తమరు చెప్పరు, మేమే చెప్పుకుంటాం. కమాండ్ చివర స్లాష్ ఎఫ్ అని తగిలించి పిలిస్తే తమరికి మూడు స్టేజీల పని. మొదట ఫైళ్ల రికార్డులు, తర్వాత ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందన్న ఇండెక్సులు, ఆ పైన ఎవరికి ఏ అనుమతి ఉందన్న సెక్యూరిటీ వివరాలు. డిస్కు ఆరోగ్యంగా ఉంటే ఇది చాలావరకు నిమిషాల్లో తేలిపోతుంది. స్లాష్ ఆర్ అన్నామా, ఇంకో రెండు స్టేజీలు: నాలుగోదాంట్లో ఫైళ్లున్న ప్రతి క్లస్టర్‌నూ (ఫైళ్లకి కేటాయించే చిన్న గడి), ఐదోదాంట్లో ఖాళీగా ఉన్న ప్రతి క్లస్టర్‌నూ చదవాలి. 1 టీబీ డిస్కు సెకనుకి సగటున 120 ఎంబీ చదివినా దాదాపు 2 గంటల 20 నిమిషాలు. అదీ డిస్కు బాగుంటే. బాగోకపోతే ఒక్కో చెడ్డ సెక్టార్ (డిస్కు మీది అతిచిన్న ముక్క) దగ్గర డిస్కు తనంతట తాను మళ్లీ మళ్లీ ప్రయత్నించి, కొన్ని సెకన్ల తర్వాత గానీ నావల్ల కాదు అనదు. అలాంటివి వేలల్లో ఉంటే రోజంతా గడిచిపోతుంది. ఆ శాతం పనికి కొలతే తప్ప కాలానికి కొలత కాదని ఒక్క ముక్క తెర మీద రాస్తే తమరి సొమ్మేం పోయింది? అది రాయరు గనక జనం ఓపిక నశించి పవర్ బటన్ మీద వేలు పెడతారు. డిస్కు లైటు మిణుకుతున్నంతసేపు ఆ వేలు వెనక్కి తీసుకోవాలి. రికార్డులు సగం తిరగరాసిన చోట కరెంటు పోతే చిన్న తప్పు పెద్దదవుతుంది. డిస్కు టక్ టక్ అని లయగా కొట్టడం మొదలెడితే మాత్రం వెంటనే ఆపేయాలి. అది డేటా చదివే హెడ్ల గొడవ, తమరి పరిధిలోది కాదు.

అసలు తకరారంతా ఈ పరిధి దగ్గరే. తమరు లెక్కల గుమాస్తా. ఫైళ్లన్నిటి చిట్టా అయిన మాస్టర్ ఫైల్ టేబుల్, ఇండెక్సులు, ఏ క్లస్టర్ ఖాళీ ఏది కాదో చెప్పే బిట్‌మ్యాప్, ఇవన్నీ తమరి పద్దుల పుస్తకాలు. అందులో కూడిక తప్పితే సరిచేస్తారు, ఆ పనిలో తమరికి సాటి లేదు. గోడౌన్ గోడ కూలుతుంటే గుమాస్తాని పిలవకూడదు కదా! కానీ "డిస్కులో ఎర్రర్లు ఉన్నాయి, రిపేర్ చేయాలి" అన్న నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఇచ్చే సలహా ఒకటే: స్లాష్ ఆర్ కొట్టు. ప్రాణం మీదకొచ్చిన డిస్కుని మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా పరుగెత్తించడం గోరుచుట్టు మీద రోకటిపోటు. తమరు మాత్రం ఒక్క హెచ్చరిక చేయకుండా పనిలోకి దిగిపోతారు.

దిగి ఏం చేస్తారు? ఫలానా నంబరు ఫైలులో చెడ్డ క్లస్టర్లను మార్చేశాం అని ఒక లైను రాస్తారు. ఎంత తియ్యటి మాట! చదివినవాడు తన ఫైలు బాగుపడిందని మురిసిపోతాడు. నిజానికి జరిగింది ఇది: ఆ క్లస్టర్ చదవడానికి రాలేదు, దాని అడ్రసును చెడ్డవాటి జాబితాలో రాసేశారు, ఫైలుకి వేరే క్లస్టర్ ఇచ్చారు. పాత క్లస్టర్‌లో చదవలేని డేటా పోయినట్టే. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లో క్లస్టర్ మామూలుగా 4 కేబీ. నోట్‌ప్యాడ్ ఫైలుకి అది ఒకటిరెండు పేజీల నష్టం కావచ్చు. అదే ఒక ఫొటో అయితే, తెరిచినప్పుడు పైన మొహాలు చక్కగా కనిపిస్తాయి, భుజాల దగ్గర్నుంచి కింది దాకా బూడిద రంగు పట్టీ. తమరి పద్దులో మాత్రం ఆ ఫైలు నిక్షేపంగా ఉంది.

కాబట్టి తమరికి కబురు పెట్టే ముందు డిస్కునే అడగడం న్యాయం. తన ఆరోగ్యం గురించి అది తానే రాసుకునే స్మార్ట్ లెక్కలు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో కనిపిస్తాయి. చూడాల్సినవి నాలుగు. 05 అంటే ఇప్పటికే పక్కన పెట్టి, స్పేర్ సెక్టార్లతో సర్దుకున్నవి. సీ5 అంటే చదవడానికి రాక తేలకుండా వేలాడుతున్నవి. సీ6 అంటే ఇక లాభం లేదని తేలినవి. సీ7 అంటే కేబుల్ దారిలో పాడైన డేటా. ఇందులో రా వాల్యూ కాలమే చూడాలి, అదీ మొదట హెక్సాడెసిమల్‌లో కనిపిస్తుంది. 10 అని ఉంటే 16 అని అర్థం. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్కు చాలావరకు నిర్దోషి, ముందు దాన్ని కంప్యూటర్‌కి కలిపే సాటా కేబుల్ మార్చాలి. మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు. సీ5, సీ6 సున్నా దాటి పెరుగుతూ ఉంటే తమరికి గుమ్మం దగ్గరే నమస్కారం పెట్టి పంపించేయాలి.

అప్పుడు చేయాల్సింది కాపీ. ముఖ్యమైన ఫైళ్లు ఇంకా తెరుచుకుంటుంటే ముందు అవి. డ్రైవు మొత్తం కావాలంటే లైనక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి, అంతే సైజు లేదా పెద్దదైన కొత్త డిస్కు మీదకి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో కాపీ తీయాలి. మొదటి విడత మైనస్ ఎన్ ఆప్షన్‌తో, అంటే మొండికేసే చోట్లను వదిలేసి మంచివన్నీ ముందు లాగేయాలి. రెండో విడత మైనస్ ఆర్ 3తో, మిగిలినవాటి మీద మరో మూడు ప్రయత్నాలు. ఎంతవరకు కాపీ అయిందో అది రాసుకునే మ్యాప్ ఫైలు ఈ రెండు డిస్కుల్లోనూ కాకుండా మూడోచోట పెట్టాలి, లేకపోతే మధ్యలో ఆగిన పని మళ్లీ మొదటికొస్తుంది. ఏది పాతది, ఏది కొత్తది అన్నది సీరియల్ నంబరుతో సరిచూసుకోకుండా ఎంటర్ కొట్టకూడదు. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. కాపీ పూర్తయ్యాక, ఆ కాపీ మీద, స్లాష్ ఎఫ్‌తో, అప్పుడు రండి తమరు. పాత డిస్కు చెడ్డ క్లస్టర్ల జాబితా కూడా కాపీతో పాటే వస్తుంది గనక, కొత్త డిస్కులో లేని రోగాన్ని పద్దులోంచి కొట్టేయడానికి స్లాష్ బీ వాడాలి. ఈ ఒక్క స్లాష్ బీని తమరు హెల్ప్ జాబితాలో ఒక మూల రాసి ఊరుకోవడం మాత్రం అన్యాయం.

ఇక తమరి వై/ఎన్ నాటకం. సీ డ్రైవు వాడకంలో ఉంది, ఈసారి స్టార్ట్ అయినప్పుడు చూడమంటారా అని అడుగుతారు. వై కొట్టి షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే తమరు పత్తా ఉండకపోవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నచోట షట్‌డౌన్ సగం నిద్రే. తమరు రావాలంటే రీస్టార్ట్ కొట్టాలి. మనసు మార్చుకుంటే తమరిని ఆపే కమాండ్ చెక్‌ఎన్‌టీఎఫ్ఎస్ స్లాష్ ఎక్స్ సీ, తర్వాత యథాస్థితికి చెక్‌ఎన్‌టీఎఫ్ఎస్ స్లాష్ డీ. పిలవకుండానే ప్రతి బూట్‌కీ ప్రత్యక్షమవుతుంటే డ్రైవుని తనిఖీ చేయాలని చెప్పే డర్టీ బిట్ అనే గుర్తు నిలబడి ఉందన్నమాట. ఎఫ్ఎస్‌యుటిల్ డర్టీ క్వెరీ సీ అని కమాండ్ కొడితే తెలుస్తుంది. తమరు ఒకసారి పని ముగించాక కూడా అది మళ్లీ మళ్లీ నిలబడుతుంటే కారణం కేబులో, డిస్కో, కరెంటు పోవడమో. చాలామంది మరిచిపోయేది ర్యామ్. చెడ్డ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో తమరిని నడిపితే మంచి పద్దుని కూడా తప్పుగా దిద్దుతారు. ముందు మెమరీ పరీక్ష కానివ్వాలి.

ఏ స్లాషూ లేకుండా, వాడకంలో ఉన్న డ్రైవు మీద పిలిచినప్పుడు తమరు చెప్పే ఎర్రర్లన్నీ నిజం కానక్కర్లేదు. చూస్తుండగానే ఫైళ్లు మారుతుంటాయి, తమరు కంగారుపడుతుంటారు. ఒక మెచ్చుకోలు కూడా బాకీ ఉంది: విండోస్ 8 నుంచి వచ్చిన స్లాష్ స్కాన్. పని ఆపకుండా చూసి, దొరికిన తప్పుల్ని రాసిపెట్టి, స్లాష్ స్పాట్‌ఫిక్స్‌తో అంతమటుకే దిద్దడం నిజంగా ముచ్చటగా ఉంది. ఎన్‌టీఎఫ్ఎస్‌కి తప్ప ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవులకి ఆ భాగ్యం లేదు, అది వేరే సంగతి. ఎస్ఎస్‌డీల మీద స్లాష్ ఆర్ సంగతి అడక్కండి. అక్కడ అడ్రసులు డ్రైవులోనే ఉండే కంట్రోలర్ చిప్ చేతిలో ఉంటాయి, తమరి చెడ్డ జాబితాకి పెద్దగా అర్థం లేదు.

తమరి రిపోర్టు తెర మీద ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. దాన్ని తవ్వాలంటే ఈవెంట్ వ్యూయర్, విండోస్ లాగ్స్, అప్లికేషన్, అందులో విన్‌ఇనిట్ పేరుతో 1001 నంబరు. చివర్లో "బ్యాడ్ సెక్టార్లలో ఇన్ని కేబీ" అన్న లైను ఒకటి, దాన్ని నోట్ చేసుకోవాలి, వచ్చేసారికి పెరిగిందా చూడటానికి. అనాథ ఫైలు ముక్కల్ని ఫౌండ్ చుక్క 000 అనే ఫోల్డర్‌లో, పేర్లు పీకేసి, చుక్క సీహెచ్‌కే అని కొత్త తోకలు తగిలించి, ఆ ఫోల్డర్‌ని కనిపించకుండా దాచేస్తారు. దొరికిన సొత్తుని ఇలా దాచడం ఎక్కడి పద్ధతండీ? హిడెన్ ఫైళ్లతో పాటు సిస్టమ్ ఫైళ్లు కూడా కనిపించేలా సెట్ చేస్తే గానీ బయటపడదు. కాపీ చేసుకుని, ఫొటో అనిపించినదానికి జేపీజీ అని తోక మార్చి చూడాలి. కొన్ని తెరుచుకుంటాయి.

ఫైల్ సిస్టమ్‌ని విండోస్ గుర్తుపట్టలేక రా అని చూపించిన డ్రైవు దగ్గరికి తమరు అసలు రారు. అక్కడ విండోస్ "ఫార్మాట్ చేయనా" అని అడుగుతుంది. వద్దు అనాలి, డీడీరెస్క్యూ కాపీ తీయాలి, ఆ కాపీ మీద పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ నడపాలి. ఈ రెండు లైన్లూ తమరి ఎర్రర్ మెసేజ్ కిందే చేర్చాలని మనవి.

చిత్తగించవలెను.

ఇట్లు,
వై కొట్టి రీస్టార్ట్ మరిచిన తమరి విధేయులు