ఫలితాల రోజు ఫోను నంబరు సరే, మిగతా 364 రోజులు?

ఏటా ఇంటర్మీడియట్ ఫలితాల తేదీ ఖరారు కాగానే హైదరాబాద్‌లో ఒక తంతు మొదలవుతుంది. అధికారులు ధైర్యం చెబుతారు. టీవీ చానళ్ళు మానసిక నిపుణులను స్టూడియోకు పిలుస్తాయి. పత్రికలు హెల్ప్‌లైన్ నంబర్లను మొదటి పేజీలో గడి కట్టి వేస్తాయి. వారం తిరిగేసరికి ర్యాంకుల ప్రకటనలు ఆ గడి స్థలాన్ని ఆక్రమిస్తాయి. అది మళ్ళీ కనిపించేది వచ్చే ఏడాదే.

ఈ తంతు వృథా అనడం నా ఉద్దేశం కాదు. 2019 ఏప్రిల్‌లో ఏం జరిగిందో ఈ నగరం మరిచిపోలేదు. మార్కుల్లో దొర్లిన తప్పుల వల్ల, తప్పిన విద్యార్థులందరి జవాబు పత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా పునఃపరిశీలన చేయించాల్సి వచ్చింది. ఆలోపే కొన్ని ఇళ్ళలో జరగరానిది జరిగిపోయింది. ఆ అనుభవం తర్వాత ఫలితాల వేళ జాగ్రత్త పడటం కనీస బాధ్యత. కానీ మానసిక అనారోగ్యం పరీక్షల క్యాలెండర్ చూసుకుని రాదు. అది ఆగస్టులో నిద్ర చెడటంతో మొదలవుతుంది. అక్టోబరుకు తిండి మీద ఆసక్తి పోతుంది. డిసెంబరుకు స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేస్తారు. ఏప్రిల్‌లో మనం చూసేది చివరి అధ్యాయం. మొదటి మూడు అధ్యాయాలు ఎవరూ చదవలేదు.

జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్ళ లోపు, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ళ లోపు తలెత్తుతాయని 2005లో ప్రచురితమైన అమెరికా పెద్ద సర్వే తేల్చింది. మన లెక్కలో చెప్పాలంటే ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీయో బీటెక్కో పూర్తయి ఉద్యోగ వేటలో పడేదాకా. సరిగ్గా ఆ పదేళ్ళే మన వైద్య వ్యవస్థ కళ్ళకు ఆనని వయసు. పసిపిల్లలకు టీకాలున్నాయి, అంగన్‌వాడీలున్నాయి. ముప్పై దాటిన వారికి బీపీ, షుగర్ పరీక్షలున్నాయి. పదహారేళ్ళ వాడికి జ్వరం వస్తే తప్ప డాక్టరు ముఖం చూసే పని ఉండదు.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ళ వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు చెప్పింది. వేర్వేరు రుగ్మతల్లో చికిత్స అందని వారు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారనీ తేల్చింది. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. పొరుగున తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ వాటిలో ఉన్నాయి. తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ లేవు. అంటే మన పిల్లల గురించి ఇన్నేళ్ళూ పక్కింటి వారి లెక్కలతో మాట్లాడుకుంటున్నాం. ఇక దేశమంతటి విషయానికొస్తే, 2022లో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 13,044 మంది విద్యార్థులని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. చనిపోయిన వారిని ఏటా లెక్కపెడుతున్నాం. కుంగిపోతున్న వారి లెక్క మాత్రం ఎప్పుడో ఒకసారి, అదీ మన రాష్ట్రాన్ని వదిలేసి.

ఎర్రగడ్డ పేరెత్తకుండా హైదరాబాద్‌లో ఈ విషయం మాట్లాడలేం. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడ ఉన్నందుకు ఒక పేట పేరే వెక్కిరింతగా మారింది. 'వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి' అనే మాట అనని క్లాసు గది, వినని ఇల్లు ఈ నగరంలో ఉండవేమో. నవ్వులాటకు అన్న ఆ మాట ధర ఎక్కడ పడుతుందంటే, కొడుకు మూడు రోజులుగా నిద్రపోకుండా తనలో తాను మాట్లాడుకుంటున్నప్పుడు కూడా తల్లి 'అక్కడికా!' అని వెనకడుగు వేసేటప్పుడు. మానసిక వైద్యానికి వచ్చేవారిలో చాలామంది ఔట్ పేషెంట్లే. డాక్టరును కలిసి, మందులు తీసుకుని, బస్సో మెట్రోనో ఎక్కి ఇంటికి పోతారు. అయినా ఆ గేటు దాటడం అంటే పెళ్ళి సంబంధాలు, ఉద్యోగాలు, చుట్టాల చూపులు అన్నీ గుర్తుకొస్తాయి. దాంతో ఆ కుటుంబం మొదట తాయెత్తు దగ్గరికి వెళ్తుంది, తర్వాత దర్గాకో గుడికో, తర్వాత నరాల డాక్టరు దగ్గరికి. ఎర్రగడ్డ ఆఖరి మజిలీ. అక్కడికి చేరేసరికి ఏడాదో రెండేళ్ళో గడిచిపోతాయి.

వైద్యపరంగా ఆ ఏడాదే అసలు విషయం. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి. స్కిజోఫ్రీనియా వంటి జబ్బుల్లో లేని గొంతులు వినిపించడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారనిపించడం మొదలైన నాటి నుంచి సరైన చికిత్స అందే నాటి వరకు ఎంత కాలం గడిచిందన్నది డాక్టర్లు లెక్కిస్తారు. ఆ కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఊహకు ఒక కుర్రవాణ్ణి తీసుకుందాం. నల్గొండ జిల్లా నుంచి వచ్చి కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటూ బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. గది సహచరులు తన గురించే గుసగుసలాడుతున్నారని అనుమానం. క్లాసులకు పోవడం లేదు. హాస్టల్ వారు ఇంటికి ఫోను చేస్తారు, తండ్రి వచ్చి తీసుకుపోతాడు. రోగం సంగతి తర్వాత, ముందు ఆ కుర్రవాడు పోగొట్టుకునేది సెమిస్టరు, తర్వాత స్నేహితులు, తర్వాత తన మీద తనకున్న నమ్మకం. మందు జబ్బును తగ్గించగలదు. రెండేళ్ళ బ్యాక్‌లాగులను, తెగిపోయిన స్నేహాలను ఏ మాత్రా అతికించలేదు. తొలి దశలోనే చికిత్స ఎందుకంటే, జబ్బు కోసం ఎంతో, ఆ జీవితం చేయి జారిపోకుండా పట్టుకోవడం కోసమూ అంతే.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెక్‌గోరీ బృందం 1990లలోనే ఇందుకోసం ప్రత్యేక కేంద్రం నెలకొల్పింది. ఆ ఆలోచనలోంచే తర్వాత 12 నుంచి 25 ఏళ్ళ వారి కోసం 'హెడ్‌స్పేస్' కేంద్రాలు దేశమంతటా వచ్చాయి. పేరులో ఆసుపత్రి వాసన లేదు. చదువు, ఉద్యోగం, మత్తు అలవాట్లు, దిగులు, ఏ కారణంతోనైనా లోపలికి రావచ్చు. అది ధనిక దేశం కదా అంటారా? పక్కనే చెన్నై ఉంది. అక్కడ స్కిజోఫ్రీనియాపై పనిచేసే స్కార్ఫ్ సంస్థ, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంతో కలిసి, తొలిసారి సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, లేని కుట్రలు తోచడం వంటి స్థితి) వచ్చిన యువతకు రెండు నగరాల్లోనూ ఒకే పద్ధతిలో చికిత్స ఇచ్చి రెండేళ్ళు గమనించింది. మాట తగ్గిపోవడం, ఉత్సాహం చచ్చిపోవడం వంటి లక్షణాల విషయంలో మాంట్రియల్ కంటే చెన్నై రోగులే బాగా కోలుకున్నారు. చికిత్సలో కుటుంబం పాలుపంచుకోవడం చెన్నైలోనే ఎక్కువ. మన ఇళ్ళలో దాపరికం ఉంది, నిజమే. కానీ ఒకసారి దారి దొరికితే వెంట నడిచే మనుషులూ ఉన్నారు. ఆ దారి హైదరాబాద్‌లో ఎక్కడుందన్నదే నా ప్రశ్న.

ఫోనులో ఉంది అంటారు ప్రభుత్వం వారు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ మంచి పథకం. 14416కు ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. రాత్రి రెండు గంటలకు ఆ గొంతు వినపడటం చిన్న విషయం కాదు. సికింద్రాబాద్‌లో రోష్ని వంటి స్వచ్ఛంద సంస్థ పాతికేళ్ళకు పైగా ఇలాంటి పనే చేస్తోంది. అయితే అలా మాట్లాడి ఫోను పెట్టేసిన పిల్ల మర్నాడు ఎక్కడికి వెళ్ళాలి? ఇటు ఫోను, అటు ఎర్రగడ్డ. మధ్యలో ప్రైవేటు క్లినిక్కులు. ఒక్కసారి చూపించుకోవడానికి అప్పు చేయగలిగిన కుటుంబం కూడా, వారానికోసారి ఆరు నెలలు రమ్మంటే చేతులెత్తేస్తుంది. నిచ్చెనకు మొదటి మెట్టు, చివరి మెట్టు బిగించి నడుమ ఖాళీ వదిలేశాం.

ఆ నడిమి మెట్లకు కొత్త భవనాలు అక్కర్లేదని నా వాదన. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. డాక్టరు, నర్సు, ఉచిత మందులు, ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. వాటిలో నాకు కనిపించే పెద్ద సుగుణం ఏమిటంటే, అక్కడికి జ్వరానికీ, దగ్గుకూ అందరూ వెళ్తారు. క్యూలో నిలబడిన వాణ్ణి చూసి 'ఎందుకొచ్చావు' అని ఎవరూ అనుమానించరు. మానసిక ఆరోగ్యాన్ని ప్రాథమిక కేంద్రాల్లోనే చూడాలని ఆయుష్మాన్ భారత్ సేవల జాబితా ఇప్పటికే చెబుతోంది. ఆ కాగితాన్ని గోడ మీద నుంచి దించి అమలు చేయాలి. వారానికి రెండు సాయంత్రాలు, కాలేజీలు వదిలాక, శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్ అక్కడ కూర్చోవాలి. పగటి వేళలే పెడితే ఏ విద్యార్థీ రాలేడు. అవసరమైన వారిని సైకియాట్రిస్టుకు పంపి, వెళ్ళారో లేదో ఫోను చేసి కనుక్కోవాలి. ఈ చివరి పని చాలా చిన్నది, చాలా చవకైనది. ఎవరి ఉద్యోగంలోనూ లేనిది కూడా.

కౌన్సెలర్ అంటే అందరూ ఎంఫిల్ చేసిన క్లినికల్ సైకాలజిస్టులే కావాలంటే ఈ జన్మకు కాదు. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. గోవాలో సంగాత్ సంస్థ మామూలు చదువున్న స్థానికులకు శిక్షణనిచ్చి, తీవ్రమైన డిప్రెషన్‌కు ఆరు నుంచి ఎనిమిది విడతల మాటల చికిత్స చేయించి, అది పనిచేస్తుందని పకడ్బందీ ప్రయోగంతో నిరూపించింది. బిహార్‌లోని నలందా జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన మరో ప్రయోగం మన విద్యాశాఖ వారు తప్పక చదవాల్సింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో బయటి నుంచి వచ్చిన కౌన్సెలర్లు, మరికొన్నింటిలో అక్కడి ఉపాధ్యాయులు నడిపారు. కౌన్సెలర్లున్న చోట బడి వాతావరణం మెరుగుపడింది, వేధింపులూ డిప్రెషన్ లక్షణాలూ తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. మనం మాత్రం ఏ కొత్త పథకం వచ్చినా ముందు పంతులు గారి నెత్తినే పెడతాం. జనగణన ఆయనదే, ఎన్నికల విధులు ఆయనవే, ఇప్పుడు పిల్లల మనసులూ ఆయనకే. అయినా, నిన్న మార్కులు తగ్గాయని నిలబెట్టిన మనిషికి ఇవాళ ఏ పిల్లవాడు మనసు విప్పుతాడు?

ఇక కార్పొరేట్ కాలేజీలు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలంది. మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీయవద్దంది. రెండో మాట చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. సెక్షన్లే లేకపోతే మాదాపూర్, మియాపూర్‌లలో సగం క్యాంపస్‌ల వ్యాపారం దేని మీద నడుస్తుంది? పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు దింపడమే అక్కడ శిక్ష. ప్రతి వారాంతపు పరీక్షా ఆ శిక్షకు ముహూర్తమే. ఒక చేత్తో అలా దింపుతూ మరో చేత్తో కౌన్సెలర్‌ను పెట్టడం, గాయం చేస్తూనే కట్టు కట్టడం వంటిది.

కౌన్సెలర్ పేరుతో ఏం జరుగుతుందో కూడా చూడాలి. జీతమిచ్చేది యాజమాన్యం. పిల్ల చెప్పింది సాయంత్రానికి ప్రిన్సిపల్ చెవికి, రాత్రికి తండ్రి ఫోనుకు చేరుతుంది. 'ఇంకాస్త కష్టపడు తల్లీ' అనే సలహాతో మొదటి భేటీ ముగుస్తుంది, రెండోది ఉండదు. ఆ జీతం కాలేజీ నుంచి వసూలు చేసినా సరే, నియామకం, జవాబుదారీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఉండాలి. ఏది గోప్యంగా ఉంచాలో, ప్రాణాపాయం ఉన్నప్పుడు ఏది తల్లిదండ్రులకు చెప్పాలో రాతపూర్వకంగా ఉండాలి. 18 ఏళ్ళ లోపు వారి విషయంలో చట్టం తల్లిదండ్రులకే ప్రతినిధి స్థానమిచ్చింది కాబట్టి ఆ గీత మరీ స్పష్టంగా ఉండాలి.

ఒక జాగ్రత్త. పరీక్ష పోయినందుకు ఏడ్చిన ప్రతి పిల్లా రోగి కాదు. ఆ దిగులుకు మందు రాసే డాక్టర్లున్నారు, అది నాకు భయం. వారం పది రోజుల్లో తేలికపడే బాధకు స్నేహితుడు చాలు. వారాలు గడిచినా నిద్ర, తిండి, చదువు, మాట అన్నీ చెదిరే ఉంటే అప్పుడు నిపుణుల అవసరం. ఈ తేడా చెప్పగలిగే మనిషి దగ్గరలో లేకపోవడం వల్లే మనం అయితే కొట్టిపారేస్తాం, కాకపోతే హడలిపోతాం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవలను హక్కుగా ప్రకటించింది. శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదు అంది. అయినా ఈ ఊళ్ళో చాలా కుటుంబాలు ఇప్పటికీ పోలీసు కేసు భయంతో ఆసుపత్రిలో కారణం దాస్తున్నాయి. డాక్టరుకు నిజం తెలియదు, కడుపుకు వైద్యం చేసి ఇంటికి పంపుతాడు. రెండో ప్రయత్నాన్ని ఆపగలిగిన ఒకే ఒక్క అవకాశం అలా డిశ్చార్జి కాగితంతో పాటే బయటికి నడిచిపోతుంది. ప్రతి అత్యవసర వార్డులో ఈ చట్టం సంగతి తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

మళ్ళీ అడ్మిషన్ల కాలం వస్తుంది. కాలేజీల పీఆర్వోలు ఇళ్ళకు వస్తారు. ఏసీ క్యాంపస్సా నాన్ ఏసీనా, భోజనం ఎలా ఉంటుంది, పోయినేడు ఎన్ని ర్యాంకులు అని తల్లిదండ్రులు అడుగుతారు. క్యాంపస్ చూడటానికి వెళ్ళినప్పుడు కౌన్సెలర్ పేరు, చదువు, వారంలో ఎన్ని రోజులు వస్తారు అని కూడా అడగండి. గది చూపించమనండి. ఆ గదికి తలుపుందా, ఆ తలుపు ప్రిన్సిపల్ గదికి ఎదురుగా ఉందా అన్నది కూడా చూసి రండి.