బుద్ధుడి విగ్రహం ఉంది, పట్టుకోడానికి కడ్డీ లేదు

వృద్ధుల నివాసాలకు ఇంటీరియర్ డిజైన్ ఎంత అవసరమో మన సీమ ఇన్నాళ్లకు గుర్తించింది. ఇందుకు అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి. లాబీ సోఫాలో కూర్చున్నవాళ్లకు మాత్రం మినహాయింపు. వాళ్ల సంగతి తర్వాత చెప్తాను.

కర్నూలు కానీ, కడప కానీ, అనంతపురం కానీ, ఊరి శివార్లలో వెలుస్తున్న ఏ సీనియర్ లివింగ్ కమ్యూనిటీలోకి అడుగుపెట్టినా ముందు బుద్ధుడు కనిపిస్తాడు. ఆయన వెనక గోడ మీంచి సన్నగా నీళ్లు జారుతుంటాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఈ జలపాతం అవసరమా అని అడగకూడదు, అది ప్రశాంతత. దాని తుంపరలు నేల మీద పడతాయి. నేలేమో గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో దిగిన, ముఖం చూసుకోదగ్గ విట్రిఫైడ్ టైల్. తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, కడప బండ అంటూ మన ఊళ్ల పేర్లు దేశమంతా ఇళ్ల నిండా పరుచుకున్నాయి. అవి తవ్విన గడ్డ మీద ముసలివాళ్లు నడవడానికి మాత్రం అద్దం కావాల్సి వచ్చింది.

బండను నెత్తికెత్తుకోవాల్సిన పని కూడా లేదు. పాలిష్ పట్టిస్తే అదీ తడిలో జారుతుంది. గరుకుగా వదిలేసిన బండే కాలికి పట్టునిస్తుంది, అదీ వరండాల్లో, గదుల్లో. అది సున్నపురాయి కాబట్టి, యాసిడ్ పోసి కడిగే మన బాత్రూముల్లో నిలవదు. అక్కడ మ్యాట్ టైలే నయం. టైల్ తయారీదారు ఇచ్చే వివరాల్లో ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా ఒక అంకె ఉంటుంది. నూనె పోసిన పలకను వాల్చుకుంటూ పోయి, దాని మీద నడిచే మనిషి ఏ కోణం దగ్గర జారతాడో చూసి ఇచ్చే అంకె అది. ఆర్ 9కి 6 డిగ్రీలు దాటితే చాలు, ఆర్ 11కి 19 దాటాలి. తడి ఉండే చోట ఆర్ 11 వేయాలి. ఈ మాట డిజైనర్‌తో అంటే, "మ్యాట్ వేస్తే ఫొటోలో డల్‌గా వస్తుంది సార్" అంటాడు. నిజమే, జారిపడిన అవ్వ ఫొటోలో ఎలాగూ రాదు.

ఇక సోఫా. నేల నుంచి 13 అంగుళాల ఎత్తు, లోపలికి 28 అంగుళాల లోతు, చేతులు లేవు, మెత్త మీద కూర్చుంటే ఇంకో 4 అంగుళాలు దిగుతుంది. ప్రారంభోత్సవం రోజున రిటైరైన హెడ్మాస్టరొకాయనను గౌరవంగా తీసుకొచ్చి అందులో కూర్చోబెడతారు. శాలువా కప్పుతారు, ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. తర్వాత ఆయన లేవాలి. మోకాళ్లు తుంటి కన్నా పైన ఉన్నాయి, పాదాలు వెనక్కి రావు, ఒళ్లు ముందుకు వంగదు, చెయ్యి ఊనడానికి ఏమీ లేదు. ఒక ఊపు ఊగుతారు. రెండో ఊపుకి శాలువా జారుతుంది, మనిషి లేవడు. మేనల్లుడు చెయ్యందిస్తాడు, అద్దంలాంటి నేల మీద వాడే జారతాడు. సెక్యూరిటీవాళ్లు వస్తారు. డిజైనర్ ముందుకొచ్చి, "సార్, అది సింక్-ఇన్ ఫీల్" అని వివరిస్తాడు.

"ఫీలింగు సరేప్పా, నన్ను లేపుతారా, ఈడ్నే ఉండమంటారా?"

"కాఫీ ఇక్కడికే తెప్పిస్తాం సార్."

"కాఫీ తాగితే బాత్రూముకు పోవల్ల. దానికైనా లేయల్ల గదప్పా!"

కావలసింది 18 అంగుళాల ఎత్తు, 20కి మించని లోతు, కూర్చుంటే కుంగని గట్టి ఫోమ్, సీటు ముందంచు దాకా వచ్చే చేతులు. ఊళ్లో ఏ వడ్రంగైనా చేస్తాడు. అదే చిక్కు, అది లగ్జరీ కాదు.

వెలుతురు మరో కళ. ఫాల్స్ సీలింగ్ అంచుల్లో దాచిన పసుపు లైట్లు సీలింగును బాగా చూపిస్తాయి, మెట్టును చూపించవు. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో మూడోవంతే. కాబట్టి ఇక్కడ వెలుతురు పెంచాలి. వీళ్లు తగ్గించారు, యాంబియన్స్ అట. తెల్ల టైల్, తెల్ల గోడ, తెల్ల కమోడ్: శుక్లాలున్న కంటికి అదంతా ఒకే మంచు. ముదురు రంగు సీటు మూత బిగిస్తే కమోడ్ కనిపిస్తుంది. మతిమరుపు జబ్బున్నవాళ్లకు నల్లటి కార్పెట్ గొయ్యిలా కనిపిస్తుంది, దాటడానికి భయపడి ఆగిపోతారు. భోజనాల హాల్లో గాజు, టైల్, జిప్సం తప్ప ఇంకేమీ లేకపోతే వినికిడి మెషీను పెట్టుకున్న మనిషికి పక్కవాళ్ల మాట బదులు స్పూన్ల మోత వినిపిస్తుంది.

బాత్రూము గడప రెండు అంగుళాలు. దాన్ని సాఫు చేయాలంటే 1:12 లెక్కన, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున, రెండు అడుగుల వాలు కావాలి, వీళ్లు అర అడుగు సిమెంటు పూసి ర్యాంప్ అంటారు. రాత్రి రెండు గంటలకు మంచం దిగిన మనిషి ఆ గడప దాటి తడి నేల మీద జారితే చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంది. దొరికేది టవల్ రాడ్. రెండు తువ్వాళ్ల బరువుకు, తేలిక బ్లాకుల గోడలో, ప్లాస్టిక్ ప్లగ్గుతో బిగించిన రాడ్ అది. మనిషితో పాటు ఊడి వస్తుంది. అక్కడ ఉండాల్సింది గ్రాబ్ బార్, మనిషి బరువుకు ఊడని పట్టుకడ్డీ: 32 నుంచి 38 మిల్లీమీటర్ల మందం, గోడకూ దానికీ 38 మిల్లీమీటర్ల సందు (ఎక్కువైతే చెయ్యి దూరి ఇరుక్కుంటుంది), 33 నుంచి 36 అంగుళాల ఎత్తు, 113 కిలోలకు తట్టుకునే బిగింపు. తేలిక బ్లాకు గోడైతే కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి బిగించే బోల్టు) వేయాలి, లేదంటే టైల్స్ అతికించకముందే వెనక ప్లేటు పెట్టుకోవాలి. కట్టాక గుర్తొస్తే టైల్ పగులుతుంది కాబట్టి ఎవరికీ గుర్తురాదు.

ఆ బాత్రూము తలుపు లోపలికి తెరుచుకుంటుంది. పడిన మనిషి ఆ తలుపుకే అడ్డంగా పడి ఉంటుంది. బయట నర్సు, వాచ్‌మన్, మేనేజరు నిలబడి తోస్తే వాళ్లు తోసేది ఆమెనే. బద్దలు కొడితే తలుపు పడేది ఆమె మీదే. తుంటి ఎముక విరిగితే 48 గంటల్లోపు ఆపరేషన్ జరగాలని డాక్టర్లు మొత్తుకుంటారు. ఈ వయసులో తుంటి విరిగిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతున్నారు. తలుపు బయటికి తెరుచుకునేలా బందులు బిగించడానికి ఎంతవుతుంది? ఒక్క రూపాయి ఎక్కువ కాదు. బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగల గడియకు? బిల్డరూ, నీ లాబీలో వేలాడే ఆ గాజు దీపాల గుత్తికి పోసిన డబ్బులో పిసరంత. అది తెలియక కాదు, అడిగేవాడు లేక. లక్షల డిపాజిట్ తీసుకుని, జీవితమంతా పిల్లల కోసం ఒళ్లు వంచిన మనుషులను చీకట్లో అద్దం మీద నడిపించి, దానికి డిజైన్ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లోనే రిటైర్మెంట్ హోమ్స్‌కు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. నమూనా కాబట్టి, చూసి మెచ్చుకుంటే సరిపోతుందని మన బిల్డర్ల అభిప్రాయం. వాళ్లకు కొనేవాడు తెలుసు, ఉండేవాడు తెలియదు. కొనేది డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు. వాట్సాప్‌లో వచ్చిన పన్నెండు ఫొటోల్లో బుద్ధుడూ, దీపాల గుత్తీ కనిపిస్తే అమ్మ సుఖంగా ఉన్నట్టే.

ఆ కొడుకులూ కూతుళ్లూ డబ్బు కట్టేముందు ఒకసారి స్వయంగా రండి. బాత్రూములో మగ్గుడు నీళ్లు కుమ్మరించి, చెప్పులు విడిచి నాలుగడుగులు వేయండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి. లైటు ఆపి, మంచం మీంచి స్విచ్ అందుతుందో లేదో తడమండి. చివర్లో కమోడ్ పక్కనున్న రాడ్‌ను పట్టుకుని మీ ఒంటి బరువంతా వేయండి. మేనేజరు "సార్ సార్, అది టవల్ కోసం!" అని పరిగెత్తుకొస్తే, అడ్వాన్స్ వెనక్కి అడగండి.